మా బావకు చెప్పని మంచి కబురు

మా ఇస్కెందర్ బావను నేలమీద నిలబెట్టి చూస్తే చెప్పుకోవడానికి ఏమీ కనబడదు. పొట్టి మనిషి, దొడ్డికాళ్లు, నెత్తిన ఎప్పుడూ ఒకపక్కకు వాలి ఉండే తెల్ల ఉన్ని టోపీ. ఆయన్ని స్టీరింగు వెనక చూడాలి. మా కొండ ఊరు తొక్తోగుల్ నుంచి రాజధాని బిష్కెక్‌కు రెండు కనుమల మీదుగా ఏడు సీట్ల కారు నడిపేవాడు. వెనక సీట్లో ముసలమ్మ ఒళ్లో గుడ్ల బుట్ట పెట్టుకుని కూర్చున్నా ఒక్క గుడ్డు పగిలేది కాదు. ఆ ముసలమ్మలు మా అక్కకు ఫోన్ చేసి, "మీ ఆయన ఎప్పుడు బయల్దేరుతున్నాడమ్మా?" అని కనుక్కుని, దాన్నిబట్టి ఆస్పత్రి పనులూ మనవల్ని చూడబోవడాలూ పెట్టుకునేవాళ్లు. మంచు పడ్డా, కొండచరియ విరిగినా, గొర్రెల మందలు దారికి అడ్డం దిగినా ఆయన చెయ్యి తొణికేది కాదు.

మా అక్క బురుల్‌కు మొగుడాయన. మాలో అక్క మొగుడంటే మరదలికి అప్పజెప్పిన ఆటబొమ్మ. పెళ్లినాడు మా ఇంట్లో ఆయన కూర్చున్న పరుపుకు ఆయన కోటు అంచును కుట్టేసింది ఈ కెంజే, అంటే నేనే. అప్పటికి నేనింకా బడిపిల్లను. దీవెన అయ్యాక అందరితోపాటు లేవబోయి, పాపం పరుపుతో సహా లేచాడు. ఇంకొకడైతే ముఖం మాడ్చుకునేవాడు. ఈయన పరుపును వెనక తోకలా ఈడ్చుకుంటూ నా దగ్గరకు వచ్చి, "కుట్టు గట్టిగా ఉంది, ఈ పిల్లను దర్జీ పనిలో పెట్టండి" అన్నాడు. నిజంగానే నేను పెద్దయ్యాక బిష్కెక్‌లో ఒక కుట్టు కార్ఖానాలో చేరాను. ఊరి నుంచి ఎప్పుడు వచ్చినా నాకు అక్క పంపిన వెన్న, ఎండుమాంసం తెచ్చి ఇచ్చేవాడు. ఇస్తూ ఒక ఎత్తిపొడుపు కూడా వేసి ఇచ్చేవాడు.

"ఏమే దర్జీపిల్లా, ఇంకా ఏ దౌర్భాగ్యుడూ దొరకలేదా?"

"నీలాంటి పొట్టోడే దొరికాడు బావా. కనబడట్లేదా, జేబులో వేసుకుని తిరుగుతున్నా."

ఇలా ఉండేది మా లెక్క. ఒక ఏడాది ఆకులు రాలే రోజుల్లో ఈ ఎత్తిపొడుపులు ఆగిపోయాయి. ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మొదటిసారి అది తూ-అషూ కనుమ సొరంగంలో వచ్చింది. కారు నిండా జనం. ముందు ఏదో లారీ చెడిపోయి వరసగా బళ్లన్నీ ఆగిపోయాయట. పొగ, చీకటి, హారన్ల మోత. ఆ సొరంగంలో బావ అలా ఎన్నిసార్లు ఇరుక్కున్నాడో ఆయనకే తెలియదు. ఎప్పుడూ వెనక్కి తిరిగి ముసలమ్మలతో పరాచికాలాడేవాడు. ఆ రోజు మాత్రం ఛాతీమీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టయింది. చేతులు మొద్దుబారాయి. ఊపిరి ఆడలేదు. తలుపు తెరిచి దూకి, గోడ పట్టుకుని పరుగెత్తాడు. జనాన్ని సొరంగంలో వదిలేసి డ్రైవరు పరుగెత్తాడు! బయటికి వచ్చి మంచులో మోకాళ్లమీద కూలబడి, కోటు గుండీలు తెంపుకుని, "చచ్చిపోతున్నా, మా ఆవిడకు చెప్పండి" అన్నాడట. దారి తెరుచుకున్నాక ప్రయాణికుల్లో ఒకడు కారు నడిపి నగరంలో ఆస్పత్రికి చేర్చాడు.

కబురు తెలిసి మా అక్కా, బావకు అన్న ఒస్మోనూ ఊరినుంచి వచ్చారు. ఒస్మోన్ ఆ ఇంటికి పెద్ద. తండ్రి పోయాక ఆయన మాటే మాట. బావకు ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు వాళ్లిద్దర్నీ గదిలోకి పిలిచి మాట్లాడాడు. నేను కార్ఖానా నుంచి పరుగున వచ్చేసరికి ఇద్దరూ వసారాలో బెంచీ మీద ఉన్నారు. అక్క నేల చూస్తోంది.

"ఏమన్నాడే డాక్టరు?" అన్నాను.

అక్క ఒస్మోన్ వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకుని, "గుండె అమ్మా. జాగ్రత్తగా చూసుకోవాలి. నువ్వు వాడి దగ్గర గోల చెయ్యకు" అన్నాడు.

బావ లేచాక ఒస్మోన్ మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, నేనెప్పుడూ విననంత మెత్తగా, "ఏం లేదులే తమ్ముడూ. గుండె కొంచెం అలిసింది, అంతే. నాలుగు రోజులు ఇంట్లో ఉంటే సర్దుకుంటుంది. కారు జోలికి మాత్రం పోకు" అన్నాడు.

బావ ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మాలో చావు జబ్బును రోగితో చెప్పరు. డాక్టరు ఇంటివాళ్లతో చెబుతాడు, ఇంటివాళ్లు నవ్వు ముఖం పెట్టుకుని మంచం దగ్గరకు వస్తారు. "ఏం లేదు", "కొంచెం", "నాలుగు రోజులు" అంటారు. బంధువులు ఎవరో చెబితే వచ్చినట్టు కాకుండా ఇటు పోతూ పోతూ తొంగిచూసినట్టు వస్తారు. చెప్పడం పాపం, దాచడం ప్రేమ అని అందరూ అనుకుంటాం. అందుకే మా ఊళ్లో ఎవరికైనా "ఏం లేదులే" అని మెత్తగా చెబితే వాడు వీలునామా గురించి ఆలోచిస్తాడు.

ఆ చలికాలం నేను ఊరికి వెళ్లలేకపోయాను. ఫోన్ చేస్తే అక్క గుసగుసగా మాట్లాడేది.

"బావకివ్వవే."

"ఇస్తాను గానీ, వేళాకోళాలు ఆడకు. ఆయన మనసు బాగోలేదు."

"వేళాకోళం ఆడకపోతే నేనేం మాట్లాడాలే ఆయనతో?"

"ఒంట్లో ఎలా ఉందని అడుగు. అందరూ అదే అడుగుతున్నారు."

అడిగాను. "బాగానే ఉంది మరదలా, నువ్వెలా ఉన్నావు?" అన్నాడు. ఆ మర్యాద వింటే నాకు ఏడుపొచ్చింది.

ఊరు ఊరంతా ఆయన్ని మర్యాదతో చంపుతోందని వసంతంలో వెళ్లాకగానీ నాకు తెలియలేదు. కట్టెలు కొట్టబోతే గొడ్డలి లాక్కునేవాళ్లు. గుర్రమెక్కబోతే పట్టుకుని దించేవాళ్లు. బజారుకు వెళితే పరాయివాళ్లు సైతం పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్లు. జూరా అవ్వ అని గుండె జారిందన్నవాళ్లకు నాటువైద్యంతో గుండె ఎత్తే ముసలావిడ ఉంది. ఆమె గిన్నె నిండా పిండి నింపి గుడ్డ కట్టి ఛాతీమీద తిప్పి, "జారింది నాయనా, బాగా కిందికి జారింది" అందట. కారును ఒస్మోన్ పెద్దకొడుకు నడుపుతున్నాడు. "బండి ఊరికే ఉంటే పాడైపోతుంది" అని తాళంచెవి ఒస్మోనే తీసుకున్నాడు. బావ కిటికీ దగ్గర కూర్చుని ముంజేతి నాడి పట్టుకుని చూసుకుంటూ ఉండేవాడు. ఆ పోటు సొరంగంతో ఆగలేదు. బజారులో వచ్చింది, స్నానాల గదిలో వచ్చింది, ఊరికే టీ తాగుతుంటే వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఇదే ఆఖరిదనుకున్నాడు. ఇద్దరు పిల్లల్నీ పిలిచి తలమీద చెయ్యి పెట్టేవాడట. వాళ్లు అలవాటుపడి బడిసంచీ తగిలించుకునే తల వంచేవాళ్లట. అది విన్నప్పుడు నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

ఒస్మోన్ మనవడు నడక మొదలుపెట్టాడని కాళ్ల తాడు కోసే వేడుక పెట్టారు. పసివాడి రెండు కాళ్లకూ నలుపు తెలుపు పోగుల తాడు కట్టి, పిల్లలకు పరుగుపందెం పెట్టి, గెలిచినవాడి చేత ఆ తాడు కోయిస్తాం. దానికోసమే నేను సెలవు పెట్టి వెళ్లాను. పందెం అయింది, తాడు కోశారు, పసివాడు నాలుగడుగులు వేసి బొక్కబోర్లా పడ్డాడు, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత మాంసం వచ్చింది.

మాలో మాంసం ఎముక ఎవరికి ఏది పెట్టాలో వయసును బట్టి ఉంటుంది. అన్నదమ్ముల్లో చిన్నవాడికి పెద్దవాళ్ల ఎముక పెడితే గొడవలే అవుతాయి. ఆ రోజు తుంటి ఎముక, తెల్లగడ్డం ముసలివాళ్లకు పెట్టేది, తెచ్చి ఇస్కెందర్ బావ ముందు పెట్టారు. ఒస్మోన్ సైగ చేస్తేనే పెట్టారు. పక్కన డెబ్భై దాటిన పెద్దాయన ఉన్నాడు. ఆయన కూడా ఏమీ అనలేదు. పైగా, "తిను నాయనా, నువ్వే తిను" అన్నాడు.

బావ ఆ ఎముకను చూశాడు. తర్వాత చుట్టూ ఉన్న ముఖాలు చూశాడు. అందరూ చటుక్కున వేరేవైపు చూసుకున్నారు.

నేను ఎదురుగా టీ పోస్తున్నాను. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. చేతివేళ్లను ఒకదానితో ఒకటి రుద్దుకోవడం మొదలుపెట్టాడు. చొక్కా మెడ లాక్కున్నాడు. నోరు తెరిచి గాలి గుటకలు వేస్తూ, కళ్లతో తలుపు ఎక్కడుందో వెతుక్కున్నాడు. చటుక్కున నాకు మా కార్ఖానాలో నా పక్క మిషను మీద కుట్టే గుల్జాత్ గుర్తొచ్చింది. అచ్చం ఇంతే, వేళ్లు రుద్దుకోవడం, తలుపు వెతుక్కోవడం. మా కార్ఖానా నేలమాళిగలో ఉంటుంది. కరెంటు పోయిన రోజున గుల్జాత్ ఇలాగే చచ్చిపోతున్నానని అరిచింది. అంబులెన్సు వచ్చింది, గుండె రాయిలా ఉందన్నారు. మళ్లీ వచ్చింది, మళ్లీ అదే మాట. మూడోసారి డాక్టరమ్మ దాని పేరూ, గుర్తులూ, వస్తే ఏం చెయ్యాలో చెప్పింది. నేను పక్కనే ఉండి విన్నాను.

బావ లేచి బయటికి నడిచాడు. జనం మెల్లగా అక్క వైపు చూశారు. అక్క కదల్లేదు. నేను కెటిల్ అక్కడే పెట్టి వెనకాలే వెళ్లాను.

గొర్రెల దొడ్డి గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్నాడు. పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"వెళ్లు కెంజే. చూడకు."

"చూస్తాను. బావా, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయా?"

పిడికిళ్లు బిగించుకున్నాడు.

"పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టుందా? ఊపిరి ఎంత లాగినా అడుగుదాకా దిగట్లేదా? ఒళ్లు చల్లబడుతోంది, లోపల కొలిమిలా ఉంది. నువ్వు ఇక్కడే ఉన్నావు గానీ గాజు అవతలి నుంచి చూస్తున్నట్టుంది. పిచ్చెక్కుతోందేమో, కాకపోతే ఈ నిమిషంలోనే పోతానేమో అనిపిస్తోంది. అవునా?"

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "ఎవరు చెప్పారే నీకు? గాజు సంగతి నేనెవరికీ చెప్పలేదు."

"గాలి బయటికి వదులు. లాగడం కాదు, వదలడం. కొవ్వొత్తి ఆర్పుతున్నట్టు మెల్లగా. ఇంకా. ఇంకా మెల్లగా."

వదిలాడు. వణుకుతూనే వదిలాడు. దొడ్డిలో ఒక గొర్రె మా ఇద్దర్నీ చూస్తూ నెమరేస్తోంది. కాసేపటికి ఆయన భుజాలు కిందికి దిగాయి. వేళ్లు విడిపోయాయి. చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"చూశావా? దానంతట అది దిగిపోయింది. గుండెపోటైతే ఇలా వచ్చి అలా పోతుందా? ఇది గుండె కాదు బావా. భయం పోటు. డాక్టర్లు పానిక్ ఎటాక్ అంటారు. దీనితో ఎవరూ చావరు. గుల్జాత్ ఇప్పుడు నాకన్నా ఎక్కువ జేబులు కుడుతోంది."

ఆయన నవ్వాడు. నేను ఎంతో ఆశగా ఆ నవ్వు వైపు చూశాను. అది నేననుకున్న నవ్వు కాదు.

"బాగా చెప్పావు. పాఠం బాగా వచ్చింది. అన్నయ్య పంపాడా, మీ అక్కా?"

"ఎవరూ పంపలేదు!"

"కోప్పడకు. నేను నీకన్నా బాగా చెప్పాను మా నాన్నకు." తల గోడకు ఆనించాడు. "ఆయన కాలేయం మొత్తం పోయిందన్నాడు డాక్టరు. నేను కార్లో పక్కన కూర్చోబెట్టుకుని తీసుకొస్తూ, కడుపులో కొంచెం పుండు నాన్నా, ఎండాకాలం పచ్చికబయళ్లకు వెళ్లి గుర్రం పాలు తాగితే మానిపోతుంది అన్నాను. దారంతా జోకులు వేశాను. ఇంటికొచ్చాక ఆయన రొట్టె తీసి నా చేతిలో పెట్టాడు. దీనిమీద చెప్పు అన్నాడు. చెప్పాను."

మాలో రొట్టె పట్టుకుని అబద్ధమాడితే రొట్టె కొడుతుందంటారు. ఆ మాటను మేం తేలిగ్గా తీసుకోం.

"ఆయన నమ్మలేదు కెంజే. నన్ను బాధపెట్టకూడదని నమ్మినట్టు నటించాడు. చచ్చిపోయే దాకా గుర్రం పాలు తాగాడు. కాబట్టి నువ్వు రొట్టెమీద ఒట్టేసినా నేను నమ్మను. రొట్టె ఇప్పుడు నన్ను కొడుతోంది. కొట్టనీ."

నేను దొడ్డి దగ్గర్నుంచి సరాసరి వంటింట్లోకి వెళ్లాను. అక్క నూనె మూకుడు ముందు నిలబడి బోర్సోక్ పిండిముక్కలు వేయిస్తోంది. మిగతా ఆడవాళ్లు విందు దగ్గర ఉన్నారు.

"అక్కా, బావది గుండె జబ్బు కాదే. నేను చూశాను. గుల్జాత్‌కు వచ్చిందే. మళ్లీ ఆ డాక్టరు దగ్గరకు తీసుకెళ్దాం. ఆయన పొరపాటు పడి ఉంటాడు."

అక్క మూకుడులో గరిటె తిప్పుతూనే ఉంది. "డాక్టరు పొరపాటు పడలేదు."

"అంటే?"

"ఆయన అదే చెప్పాడు. గుండె గుర్రం గుండెలా ఉందన్నాడు. ఇది భయం వల్ల వస్తుంది, నరాల డాక్టరుకు చూపించండి, ఊపిరి తీసే పద్ధతి నేర్పుతారు, మళ్లీ కారు నడుపుతాడు అన్నాడు."

నేను విన్నది నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. బోర్సోక్‌లు నల్లబడుతున్నాయి.

"నీకు తెలుసా? అప్పట్నుంచీ తెలుసా?"

"మెల్లగా మాట్లాడు."

"ఆయన చచ్చిపోతున్నానని పిల్లల తలలమీద చేతులు పెడుతుంటే, నువ్వు పక్కన నిలబడి టీ పోశావా?"

"ఒస్మోన్ బావగారు రొట్టె పట్టుకుని మాట తీసుకున్నారే! నరాల డాక్టరు దగ్గర పేరు ఎక్కితే లైసెన్సు పోతుంది, పిచ్చోడని ముద్ర పడుతుంది అన్నారు. జనాన్ని సొరంగంలో వదిలేసి పిరికివాడిలా పారిపోయాడని ఊళ్లో అప్పటికే అనుకుంటున్నారు. గుండె జబ్బంటే ఎవరూ నవ్వరు. మగాడికి మర్యాద ఉంటుంది అన్నారు."

"మర్యాద! సమాధికి చేసే మర్యాద!"

అక్క మంట ఆర్పింది. అప్పుడు నా వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లు.

"ఇంకోటి కూడా చెబుతా విను. ఇన్నేళ్లూ ఆయన కనుమ ఎక్కిన ప్రతిరోజూ నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. మంచు కురిసిన ప్రతిసారీ నేను ముండమోశాను. ఈ చలికాలం మొదటిసారి కంటినిండా నిద్రపోయాను. ఆయన ఇంట్లో ఉన్నాడు. నా కళ్లముందున్నాడు. నాకు అది చాలనిపించింది."

ఆ మాటకు జాలిపడాలో చెంప పగలగొట్టాలో నాకు తెలియలేదు. ఒస్మోన్‌ను తిట్టగలను. పెత్తనం మరిగిన మనిషి, తమ్ముడి పరువు పేరు చెప్పి తన పరువు కాపాడుకున్నాడు, దారిలో కారు కూడా కలిసొచ్చింది. మా అక్కను ఏమనాలి? మొగుణ్ణి ఇంట్లో ఉంచుకోవడానికి రాని చావును ఆయన చేతికిచ్చింది.

మర్నాడు పొద్దున బావ దగ్గర కూర్చున్నాను. అక్క చెప్పింది చెప్పడానికి నోరు రాలేదు. చెప్పినా నమ్మడు. అందుకని ఒక్కటే అన్నాను.

"బావా, నన్ను నమ్మకు. అక్కను నమ్మకు. నాతో డాక్టరు దగ్గరకు రా. గదిలోకి నువ్వొక్కడివే వెళ్లు. నేను వసారాలోనే ఉంటాను. ఆయన ఇంటివాళ్లతో మాట్లాడే అవకాశమే ఉండదు. సూటిగా అడుగు, సూటిగా విను. చస్తావంటే చస్తావు. అప్పుడు తుంటి ఎముక నేనే వండి పెడతాను."

చాలా నెలల తర్వాత మొదటిసారి ఆయన పెదవి కొస కదిలింది. "నీ వంట తింటే గుండెదాకా ఎందుకే, అక్కడే పోతాను" అన్నాడు. వస్తానన్నాడు.

ఒస్మోన్‌కు చెప్పకుండానే బయల్దేరాం. సొరంగం వచ్చేసరికి బావ కోటు తలమీదుగా కప్పుకుని, నా చెయ్యి విరిగిపోయేలా పట్టుకున్నాడు. నగరంలో అదే ఆస్పత్రి, అదే వసారా, అదే డాక్టరు. బావ లోపలికి వెళ్లాడు. నేను ఆ బెంచీ మీద కూర్చుని గోళ్లు కొరుక్కున్నాను. తలుపు అవతల మాటలు వినబడుతున్నాయి గానీ తెలియడం లేదు. ఒకసారి బావ గొంతు పెద్దదైంది.

బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. టోపీ తీసి మోకాళ్లమీద పెట్టుకున్నాడు. దాని అంచును గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు.

"ఏమన్నాడు?"

"నాకన్నా నా గుండె ఎక్కువకాలం బతుకుతుందన్నాడు."

"నేను చెప్పలేదూ!" అని ఎగిరి గంతేయబోయాను. ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

"పోయినసారీ ఇదే చెప్పాడట. ఇదే గదిలో. ఇంజెక్షన్ మత్తులో ఉన్నాడు, లేచాక చెప్పండని మా అన్నయ్యకీ మీ అక్కకీ చెప్పాడట. నరాల డాక్టరు ఎక్కడుంటాడో కూడా చెప్పాడట. వాళ్లు మీకు చెప్పలేదా అని నన్నే అడిగాడు. నరాల డాక్టరంటే లైసెన్సు పోదా అన్నాను. ఎందుకు పోతుంది, మిమ్మల్ని ఎవరు భయపెట్టారని అడిగాడు. నేనేం చెప్పను? మా ఇంటివాళ్లు మరిచిపోయారండీ అన్నాను."

టోపీ తిప్పడం ఆపాడు.

"చస్తాననుకున్నప్పుడు ఇంత నొప్పి లేదు కెంజే. అప్పుడు అందరూ నాకోసం ఏడుస్తున్నారనుకున్నా. బురుల్ వంటింట్లో ఏడుస్తుంటే, పాపం నేను పోతానని ఏడుస్తోంది అనుకుని, నేనే వెళ్లి ఓదార్చాను."

అంతవరకూ ఏడవని మనిషి ఆ ఒక్క ముక్క దగ్గర ఏడ్చాడు. ఆస్పత్రిలో పోతూ వస్తూ ఉన్నవాళ్లు చావుకబురు విన్నాడనుకుని తలవంచుకుని వెళ్లారు.

నరాల డాక్టరును కూడా చూశాం. ఊపిరి ఎలా వదలాలో, పోటు వస్తే దానికి ఎదురు తిరక్కుండా ఎలా నిలబడాలో చెప్పాడు. వస్తున్నప్పుడు దాని గుర్తుల్ని ఒక్కొక్కటే పేరుపెట్టి పలకరించమన్నాడు. మళ్లీ రమ్మన్నాడు.

తిరుగు ప్రయాణంలో మళ్లీ తూ-అషూ. ఎవరిదో కారు, మా ఇద్దరితోపాటు ఇంకో నలుగురు. సొరంగం మధ్యలో బళ్లు ఆగాయి. బావ చెయ్యి సీటు అంచును పట్టుకుంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన కోటు కప్పుకోలేదు. కళ్లు తెరిచే ఉంచి, తన కారులో ఊళ్ల పేర్లు చెప్పి జనాన్ని దించేటప్పటి గొంతుతో మొదలుపెట్టాడు.

"వేళ్లు. వచ్చాయి. పెదాలు. వచ్చాయి. ఇప్పుడు ఛాతీ. ఆ, ఎక్కి కూర్చుంది, కూర్చోనీ. ఇప్పుడు గాజు. ఇప్పుడు చస్తాననిపిస్తుంది. అనిపించనీ."

పక్కనున్న ముసలమ్మ హడలిపోయి, "ఈ అబ్బాయికేమైందమ్మా?" అంది.

"మీ పెద్దమ్మాయి పెళ్లికి ఊళ్లు లెక్కపెడుతున్నాడవ్వా" అన్నాను.

"నాకు కూతుళ్లే లేరు!" అని గొణుక్కుంటూ సంచీలోంచి ఎండు పెరుగు ఉండ తీసి ఆయన నోట్లో కుక్కింది. బళ్లు కదిలాయి. వెలుతురు వచ్చింది. బావ చొక్కా తడిసిపోయింది గానీ మనిషి సీట్లోనే ఉన్నాడు. పుల్లటి ఉండ చప్పరిస్తూ, "ఆఖరి స్టాపు" అన్నాడు.

ఇంటికి చేరేసరికి ఒస్మోన్ అక్కడే ఉన్నాడు. అక్క చెప్పేసి ఉంటుంది. విందుగుడ్డ పరిచి, మధ్యలో రొట్టె పెట్టి, టీ పోసి ఉంచింది. ఒస్మోన్ లేచి నిలబడి, మళ్లీ అదే మెత్తటి గొంతుతో, "వచ్చావా తమ్ముడూ, కూర్చో, అలిసిపోయుంటావు" అన్నాడు.

బావ కూర్చోలేదు. బూట్లు కూడా విప్పలేదు.

"అన్నయ్యా, నాన్నకు మనం చావు దాచాం. తప్పో ఒప్పో, ఆయన మిగిలిన రోజులు తేలిగ్గా గడపాలని దాచాం. నాకేం దాచావు నువ్వు? నాకు చావే లేదు. నా ఆరోగ్యం నాకు దాచావు. బతికున్నవాడికి బతుకు దాచావు."

"నీ మంచికే రా. నరాలవాడని నలుగురూ..."

"ఆ నలుగురూ నాకు తుంటి ఎముక పెట్టారు. సమాధి మీద చూసినట్టు నేను దానిమీద నా పేరు చూసుకున్నాను."

ఒస్మోన్ కోపం తెచ్చుకోబోయాడు, అలవాటు కొద్దీ. తమ్ముడి ముఖం చూశాక ఆ కోపం ఎక్కడా నిలబడలేదు. రొట్టె తుంచి ఒక ముక్క తమ్ముడికి అందించాడు. మాలో ఎంత పగ ఉన్నా అందించిన రొట్టెను కాదనరు. బావ తీసుకున్నాడు, కళ్లకద్దుకున్నాడు, తినకుండా మళ్లీ గుడ్డమీద పెట్టాడు. "తాళంచెవి" అన్నాడు.

ఒస్మోన్ జేబులోంచి తీసి ఇచ్చాడు.

అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఏమండీ, నన్నైనా తిట్టండి" అంది. బావ ఆమె వైపు చూశాడు. తిట్టలేదు. "టీ చల్లారిపోతుంది, తాగు" అన్నాడు. అంతకన్నా పెద్ద తిట్టు నేను వినలేదు.

ఇదంతా జరిగి చాలాకాలమైంది. బావ మళ్లీ కనుమ మీద నడుపుతున్నాడు. ముసలమ్మలు మళ్లీ గుడ్ల బుట్టలతో ఎక్కుతున్నారు. పోటు ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది. వచ్చినప్పుడు బండి పక్కకు ఆపి, స్టాపుల పేర్లు చెప్పుకుని, మళ్లీ బయల్దేరతాడు. ఒస్మోన్ ఇంట్లో పెళ్లయినా చావైనా వెళ్తాడు, గుమ్మం దగ్గర నిలబడి వచ్చేస్తాడు. అక్కతో కాపురం చేస్తున్నాడు. గొంతు పెంచడు. ఆమె "ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగిన ప్రతిసారీ "ఏం లేదులే, బాగానే ఉంది" అంటాడు, చాలా మెత్తగా.

ఆ మాట నిజమో కాదో అక్కకు తెలియదు. సొరంగం దాటాక ఆయన ఫోన్ చేసేది నాకు. "దర్జీపిల్లా, ఇవాళ గాజు దాకా వచ్చి దిగిపోయింది, ఇంకా ఎవడూ దొరకలేదా?" అంటాడు. ఆ వెంటనే అక్క ఫోన్ వస్తుంది.

"నీతో నిజం చెప్పాడా? ఎలా ఉన్నాడే నా మొగుడు?"

"నువ్వే అడుగు అక్కా."

"అడిగాను. బాగానే ఉన్నానన్నాడు" అని ఏడుస్తుంది.